మా మేనకోడలి ఫ్లెక్సీ

తన ఓణీల ఫంక్షన్‌కి మా మేనకోడలు నన్ను పెద్ద కోరికేం కోరలేదు. పట్టులంగా వద్దనలేదు, ఫంక్షన్ హాలు వద్దనలేదు, ఊరందరినీ పిలవొద్దని కూడా అనలేదు.

"అత్తా, సెంటర్లో ఫ్లెక్సీ మాత్రం పెట్టొద్దని నాన్నకి చెప్పవా? నేను చెప్తే నవ్వేస్తున్నాడు. నువ్వు లాయరువి కదా, నీ మాటైతే వింటాడు," అంది ఫోన్లో.

ఎనిమిదో తరగతి చదువుతోంది. లాయరైతే ఇంట్లోవాళ్ళు మాట వింటారని ఇంకా నమ్మే వయసు. విజయవాడ కోర్టులో ఇన్నేళ్ళ నుంచి కేసులు వాదిస్తున్నాను, మా తమ్ముడితో ఒక్క వాదన నెగ్గిన గుర్తు లేదు. అయినా సరేనన్నాను.

మా తమ్ముడిది ఉయ్యూరుకి కాస్త ఇవతల ఒక ఊరు. ఎరువుల కొట్టు నడుపుతాడు. ఊళ్ళో మూడు రోడ్లు కలిసేచోటు సెంటరు. అక్కడే టీ కొట్టు, మందుల షాపు, చెరకు ట్రాక్టర్లు మలుపు తిరిగే చోటు, స్కూలు బస్సు ఆగే చోటు కూడా అదే. ఆ మలుపులో ఒక ఇనప ఫ్రేము ఎప్పుడూ నిలబడే ఉంటుంది. దానిమీద బొమ్మలు మాత్రం మారుతుంటాయి. ఒకవారం ఎవరిదో పుట్టినరోజు, ఇంకోవారం ఎవరిదో పెద్దకర్మ, ఆ తర్వాత ఎవరో నాయకుడికి స్వాగతం. మధ్యమధ్యలో ఆడపిల్లల ఓణీల ఫంక్షన్లు.

పిల్ల ఎందుకు భయపడుతోందో కూడా చెప్పింది. కిందటేడు తన స్కూల్లోనే తొమ్మిదో తరగతి అమ్మాయి ఫ్లెక్సీ అక్కడ పెట్టారు. బస్సు ఆ సెంటర్లో ఆగినప్పుడల్లా మగపిల్లలు ఫ్లెక్సీ వంక, ఆ అమ్మాయి వంక చూసి నవ్వేవాళ్ళట. ఫ్లెక్సీ మీద రాసిన మాటలు పాటలా చదివేవాళ్ళట. ఆ అమ్మాయి కొన్నాళ్ళు బస్సు మానేసి వాళ్ళ నాన్న బండి మీద వెళ్ళింది. తర్వాత షటిల్ ఆడటం కూడా మానేసింది. మా పిల్లదీ షటిలే. అదీ దాని బాధ.

నా రోజుల్లో ఇదంతా ఇంటి లోపలి వ్యవహారం. తాటాకు చాప మీద కూర్చోబెట్టారు, చిమ్మిలి తినిపించారు, వాడకట్టులోని ఆడవాళ్ళు వచ్చి హారతిచ్చి పాటలు పాడి వెళ్ళారు. దాన్ని నేను పొగడటం లేదు. ఆ చాప మీద కూర్చున్నన్ని రోజులూ నాకు ఏడుపే వచ్చింది. మంచినీళ్ళ బిందె ముట్టుకోనివ్వలేదు, పుస్తకం కూడా ఎవరో అందించాలి. కానీ ఆ సంగతి మగవాళ్ళకి తెలియనట్టే నటించేవాళ్ళు. ఇప్పుడు ఆ నటన పోయింది. మరుగు పోయింది గానీ మర్యాద రాలేదు. ముట్టూ మైలా మాత్రం ఇంట్లో అలాగే ఉన్నాయి. నెలనెలా పిల్ల దేవుడి గదిలోకి రాకూడదు, ఫొటో మాత్రం సెంటర్లోకి వెళ్ళాలి. ఇందులో న్యాయమేమిటో నాకు ఎన్నిసార్లు ఆలోచించినా అర్థం కాదు.

లంగా కొనడానికి మంగళగిరి వెళ్ళినప్పుడు కారులో తమ్ముడితో మాట్లాడాను. వాడు నడుపుతున్నాడు, పక్కన నేను. వెనక మా మరదలు, పిల్ల.

"ఫ్లెక్సీ వద్దురా. పిల్లకి ఇష్టం లేదు," అన్నాను.

"దానికేం తెలుసక్కా. అందరూ పెడుతున్నారు. మనం పెట్టకపోతే డబ్బుల్లేక పెట్టలేదనుకుంటారు."

"దానికి అవమానంగా ఉందంటోంది."

"అవమానమేంటి, దేవతలా చూపిస్తుంటే. అయినా ఇప్పుడు మగపిల్లలకి కూడా పంచెల ఫంక్షన్లు చేస్తున్నాంగా. సమానమే కదా, మీరడిగేది అదేగా."

"మగపిల్లాడికి పంచె కడితే వాడి ఒంట్లో ఏం మారిందో ఊరికి చెప్పినట్టు కాదు కదరా."

"నువ్వు ప్రతిదీ కేసులా చూస్తావక్కా," అన్నాడు, హారన్ కొడుతూ.

ఈ మాట నాకు కొత్త కాదు. మార్చి నెల వస్తే కాలేజీలవాళ్ళు నన్ను పిలిచి, శాలువా కప్పి, మహిళలు, చట్టాలు అని మాట్లాడమంటారు. ఆస్తిలో వాటా గురించి, గృహహింస గురించి, పని చేసేచోట వేధింపుల గురించి చెబుతాను. అమ్మాయిలు శ్రద్ధగా వింటారు. ఆ వెంటనే అదే స్టేజీ మీద ముగ్గుల పోటీ బహుమతులిస్తారు. ఏదో సినిమా పాటకి డాన్సు ఉంటుంది. పాటలో హీరో వద్దన్న పిల్ల వెంటపడుతుంటాడు, కింద కూర్చున్న లెక్చరర్లు తాళం వేస్తుంటారు. నేనూ ముందు వరసలో శాలువా ఒళ్ళో పెట్టుకుని కూర్చుంటాను. చట్టం గురించి నేను మాట్లాడింది అరగంట, ఆ పాట వాళ్ళు పుట్టినప్పటినుంచీ వింటున్నారు. ఎవరిది గుర్తుంటుందో వేరే చెప్పాలా.

మంగళగిరిలో పిల్ల ఆకుపచ్చ లంగా ఎంచుకుంది. వెనక్కి వస్తుంటే మా మరదలు తన భర్తతో మెల్లగా, "పోనీలెండి, ఫ్లెక్సీ లేకపోతే ఏమైంది, హాల్లో ఎల్ఈడీ తెర ఉందిగా," అంది. వాడు అద్దంలోంచి పిల్ల వంక చూసి, "సరే, నేను పెట్టను. సరేనా," అన్నాడు. పిల్ల వెనకనించి నా భుజం నొక్కింది. మా తమ్ముడు మాట మీద నిలబడ్డాడు కూడా. ఫ్లెక్సీ వాడు పెట్టలేదు.

ఆ తర్వాత ఎల్ఈడీ తెర కోసం వీడియో తీశారు. కాలువ గట్టు మీద, నేనూ వెళ్ళాను. మన సినిమాల్లో ఓణీ కట్టిన పిల్ల కనబడగానే ఎక్కడినుంచో గాలి వీస్తుంది, పావురాలు ఎగురుతాయి, ఎవడో కుర్రాడి బండి దానంతటదే ఆగిపోతుంది. ఫొటోగ్రాఫరుకి కావలసింది అదే. గాలి కోసం ఫ్యాన్ కూడా తెచ్చుకున్నాడు.

"కొంచెం సిగ్గుపడమ్మా," అన్నాడు.

"ఎందుకండీ?" అంది పిల్ల.

"పాటలో అలాగే ఉంటదమ్మా."

"నాకు సిగ్గేం లేదండీ. ఎండగా ఉంది."

అతను పాపం చెడ్డవాడు కాడు. తలొంచుకుని నేల వంక చూడమన్నాడు, చూసింది. సిగ్గుపడ్డట్టు వచ్చిందని సంతోషించాడు. నిజానికి దాని కాలి కింద చీమలు పాకుతున్నాయి. ఆ సాయంత్రం అది నాతో, "ఫ్లెక్సీ లేదు కదత్తా, ఇదంతా ఎలాగోలా భరిస్తాలే," అంది. పదమూడేళ్ళ పిల్ల నోట భరిస్తాననే మాట వినడం నాకు నచ్చలేదు.

ఫంక్షన్ మాఘమాసంలో, ఆదివారం. శనివారం పొద్దున నేను బస్సు దిగాను. ఎదురుగా ఫ్రేము మీద మా పిల్ల.

ఫ్లెక్సీ నిలువెత్తుది. పైన సగం మేర మా ప్రాంతం నాయకుడు, నమస్కారం పెడుతూ. ఆయన మా పిల్లని ఎన్నడూ చూడలేదు. ఆయన పక్కన ఇంకా పెద్ద నాయకులు, గుండ్రటి చట్రాల్లో. మధ్యలో కాలువ గట్టు మీది ఫొటో, తలొంచుకుని, చీమల్ని చూస్తూ మా పిల్ల. కింద వరసగా మేనమామ, అతని స్నేహితులు. నల్ల కళ్ళద్దాలు పెట్టుకుని కొందరు, ఫోను చెవి దగ్గర పెట్టుకుని కొందరు. ఒకతను మీసం మెలేస్తున్నాడు. మా ఇంటి మహాలక్ష్మి ఓణీల వేడుకకి శుభాకాంక్షలతో, అని పెద్ద అక్షరాలు.

టీ కొట్టు దగ్గర నిలబడ్డ పెద్దాయన ఒకాయన నన్ను చూసి, "మీ మేనకోడలు బాగుందమ్మా," అన్నాడు మెచ్చుకోలుగా. సంచి తీసుకుని ఇంటికి నడిచాను. ఒళ్ళు మండిపోయింది.

పిల్ల గదిలో తలుపేసుకుని ఉంది. నేను పిలిస్తే తీసింది. ఏడ్చి ఏడ్చి ముఖం ఉబ్బింది. "సోమవారం బస్సెలా ఎక్కను?" అంది, అంతే. నన్ను తిట్టి ఉంటే బాగుండేది.

మా తమ్ముడు చేతులెత్తేశాడు. "నేను కాదక్కా, వీళ్ళ మేనమామ. సర్‌ప్రైజట. నాకూ పొద్దునే తెలిసింది."

మేనమామ అంటే మా మరదలి తమ్ముడు. ముప్పై ఏళ్ళవాడు, మేనకోడలంటే ప్రాణం. ఆ మాట ఒప్పుకోవాలి. చిన్నప్పుడు దాన్ని భుజాన వేసుకుని తిప్పింది వాడే. పెరట్లో వంటవాళ్ళతో మాట్లాడుతుంటే పట్టుకున్నాను.

"అది దించెయ్యి బాబూ. పిల్ల ఏడుస్తోంది."

"ఆనందంతో ఏడుస్తుందేమో వదినగారూ."

"కాదు. బస్సెక్కనంటోంది. దించు."

వాడి నవ్వు పోయింది. తల గోక్కున్నాడు. "దించలేమండీ. మా నాయకుడి ఫొటో ఉంది. ఆయన ఫొటో ఉన్నది దించామంటే అవతలోళ్ళు దించారనుకుంటారు మావోళ్ళు. సాయంత్రానికి సెంటర్లో పెద్ద గొడవైపోద్ది. కిందటిసారి అలాగే అయింది, మీకు తెలవదు."

"మరి పిల్ల ఫంక్షన్‌కి ఆయన ఫొటో ఎందుకు వేయించావు?"

"ఆయన ఫొటో ఉంటే ఎవడూ ముట్టుకోడని," అన్నాడు. "మన పిల్ల బొమ్మ మీద ఇంకోడు వాడి ఫ్లెక్సీ కట్టకుండా."

పిల్లని కాపాడటానికే వేయించాడన్నమాట. ఇప్పుడు వాడు కూడా ముట్టుకోలేడు. నాకు నవ్వొచ్చింది, ఏడుపూ వచ్చింది.

పంచాయతీ ఆఫీసుకి వెళ్ళాను. అనుమతి లేకుండా రోడ్డు మీద ఫ్లెక్సీ కట్టడం తప్పు, తీయించే అధికారం వాళ్ళకుంది. కార్యదర్శి ఒక చిన్న వయసు అమ్మాయి. నన్ను చూసి లేచి నిలబడింది. కాలేజీలో నా ఉపన్యాసం విన్నానని, ఆస్తి హక్కు గురించి అప్పుడే తెలిసిందని చెప్పి కుర్చీ వేసింది. నాకు కొంచెం ఆశ కలిగింది.

"ఆ ఫ్లెక్సీ తీయించమ్మా. రాసిమ్మంటే ఇస్తాను."

"ఏ ఫ్లెక్సీ మేడమ్? సెంటర్లోదా?" ఆ అమ్మాయి గొంతు తగ్గించింది. "అందులో ఎవరి ఫొటో ఉందో చూశారా మేడమ్?"

"చూశాను. మా మేనకోడలి ఫొటో ఉంది."

"అది కాదు మేడమ్," అంది నొచ్చుకుంటూ. "నాకు చిన్న బాబున్నాడు. నన్ను ఏ మూలకో వేస్తారు. ఏమనుకోకండి."

ఏమనుకోలేదు. ఆ అమ్మాయి మీద కోపం తెచ్చుకోవడం తేలిక, కానీ ఆమె చెప్పింది నిజం. చట్టం చేతిలో పెట్టి, దాన్ని వాడితే ఏమవుతుందో కూడా అదే చేతిలో పెట్టారు. నా ఉపన్యాసంలో ఈ భాగం లేదు.

ఇంటికొచ్చి వంటింట్లో కూలబడ్డాను. మా మరదలు పళ్ళేల్లో పసుపు కుంకుమ పొట్లాలు సర్దుతోంది. చుట్టాలు వస్తూ పోతూ ఉన్నారు. అందరూ సెంటర్లో చూశాం, బాగుంది, బాగుంది అంటూ లోపలికి వస్తున్నారు. నాకు ఒకటి తట్టి అడిగాను.

"అంతమంది మగాళ్ళున్నారు. నీ ఫొటో లేదేంటి అందులో? కన్నది నువ్వు కదా."

"వాళ్ళు అడిగారు వదినా. నేనే వద్దన్నా," అంది పొట్లాల మీంచి తలెత్తకుండా. "ఆడాళ్ళ ఫొటోలు సెంటర్లో ఏం బాగుంటాయి, వచ్చేపోయేవాళ్ళు చూస్తుంటే."

అని ఆగిపోయింది. చేతిలో పొట్లం అలాగే ఉండిపోయింది. తర్వాత లేచి చెయ్యి కడుక్కుని, తన తమ్ముణ్ణి పిలిచి ఫ్లెక్సీ కొట్టతని నంబరు అడిగింది. ఎల్ఈడీ తెర పక్కన ఇంకో చిన్నది వేయించాలని అబద్ధం చెప్పింది. ఇన్నేళ్ళలో ఆమె అబద్ధమాడగా నేను వినడం అదే మొదలు.

నంబరు నా చేతిలో పెట్టి, "మా తమ్ముడి ఫొటోకి మాత్రం ఏం కానివ్వకండి వదినా. మనసు కష్టపెట్టుకుంటాడు," అంది.

ఉయ్యూరులో ఫ్లెక్సీ కొట్టతనికి ఫోన్ చేసి సంగతంతా చెప్పాను. అతను విని, "దించడమైతే నేను రానండీ. నాయకుడి ముఖానికి తగలకుండా అమ్మాయి వరకు ఏదైనా అతికించమంటే అతికిస్తా," అన్నాడు.

"అతికించండి. తెల్ల కాయితమైనా సరే."

"తెల్లగా ఉంటే దూరాన్నించే తెలిసిపోద్దండీ. పూలకుండీ వేద్దాం. మా దగ్గర మంచి డిజైనుంది. బ్యాక్‌గ్రౌండ్ కూడా కలిసిపోద్ది."

మర్నాడు ఉయ్యూరులో ఫంక్షన్ హాలు కిటకిటలాడింది. మేనత్తని కాబట్టి నేనూ హారతిచ్చాను. ఎల్ఈడీ తెర మీద ఆ కాలువ గట్టు పాట మొదలయ్యి, జనం భోజనాలకి లేచినప్పుడు, తలనొప్పని చెప్పి ఆటో ఎక్కాను. మా ఊరి సెంటర్లో మిట్టమధ్యాహ్నం మనిషన్నవాడు లేడు, అందరూ మా భోజనాల్లోనే ఉన్నారు. టీ కొట్టు కూడా మూసుంది. ఫ్లెక్సీ కొట్టతను నిచ్చెన వేసి పైకెక్కి, మా పిల్ల మీద పూలకుండీ అతికించి, చేత్తో గట్టిగా రుద్ది దిగాడు. గులాబీలు, మధ్యలో ఏవో తెల్లపూలు. అన్న మాట ప్రకారం మేనమామ మీసానికి కూడా తగల్లేదు.

నిచ్చెన కింద నిలబడి నేను మాటలు కూడబలుక్కుంటూ ఉన్నాను. సాయంత్రానికి గొడవ ఖాయం. మా తమ్ముడు అరుస్తాడు, మేనమామ అలుగుతాడు, అతని స్నేహితులు ఇంటి మీదికొస్తారు. రానీ. మైనరు పిల్ల ఫొటో ఆమె వద్దంటుంటే నడిరోడ్డు మీద కట్టే హక్కు మీకెవరిచ్చారని అడుగుతాను. దేవతంటారు, ఆ దేవత నోరు విప్పితే వినరేమని అడుగుతాను. ఎప్పటినుంచో అడగాలనుకున్నవన్నీ ఆ పూట అడిగేద్దామనుకున్నాను. నిజం చెప్పాలంటే, గొడవ కోసం నాకు ఆత్రంగానే ఉంది.

సాయంత్రం ఎవరూ ఏమీ అనలేదు. హాలు నుంచి అందరూ ఆ సెంటర్ మీదుగానే ఇళ్ళకి వచ్చారు. మా తమ్ముడు అక్కడ కారాపి పాన్ కొనుక్కున్నాడట కూడా. రాత్రి లెక్కలేనన్ని ఫొటోలు ఫోన్లలోకి వచ్చాయి. మేనమామ స్నేహితులు ఫ్లెక్సీ కింద నిలబడి, వాళ్ళ వాళ్ళ ముఖాల్ని వేలితో చూపిస్తూ దిగినవి. వెనక పూలకుండీ స్పష్టంగా కనబడుతోంది. అవే ఫొటోలు మేనమామ తన స్టేటస్‌లో పెట్టుకున్నాడు.

సోమవారం పొద్దున బస్టాపు దాకా పిల్లతో వెళ్ళాను. ఫ్లెక్సీ చూసి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని పగలబడి నవ్వింది. "పూలకుండీకి ఓణీల ఫంక్షన్ అత్తా," అంది. బస్సొచ్చింది, ఎక్కింది. కిటికీలోంచి చెయ్యూపింది. నా మనసు తేలికపడింది, మధ్యాహ్నానికి విజయవాడ వచ్చేశాను.

మళ్ళీ నెల దాటాక వెళ్ళాను. ఫ్లెక్సీ ఇంకా అక్కడే ఉంది. ఎండకి నాయకుడి చొక్కా వెలిసిపోయింది, గులాబీలు మాత్రం ఇంకా ఎర్రగానే ఉన్నాయి. మేనమామ సెంటర్లోనే ఎదురయ్యాడు. "మీరు వద్దన్నారు గానీ వదినగారూ, మన ఫ్లెక్సీకి ఎంత పేరొచ్చిందో. ఇప్పటికీ చెప్పుకుంటున్నారు," అన్నాడు దానివంక గర్వంగా చూస్తూ. తిన్నగా దానివంకే చూస్తున్నాడు. నేను కూడబలుక్కున్న మాటలన్నీ గొంతులోనే ఉన్నాయి. ఎవరితో పోట్లాడను, వీడికి కనబడనే లేదు.

స్కూలు బస్సు ఆగింది. పిల్ల దిగి నా పక్కకొచ్చి, బ్యాగు నా చేతికిచ్చి, మేనమామ బండి వెళ్ళిపోయేదాకా ఆగింది. ఈసారి నవ్వలేదు.

"అత్తా, ఇన్నాళ్ళలో ఒక్కళ్ళయినా అడిగారా, అందులో నేనేమయ్యానని?"

లేదన్నాను.